ఆల్బమ్‌కి అతుక్కుపోయిన పాత ఫొటోలు విడదీయడం ఎలా?
నేను బొమ్మలు వేస్తాను. పేరు తెలియని ఆడవాళ్ల పాత ఫొటోలు పోగేసి, వాళ్లని చూస్తూ పెయింటింగ్స్ చేస్తుంటాను. ఈమధ్య ఒక ఆల్బమ్ దొరికింది. అన్నీ చిన్న అట్టకి అంటించిన కార్ట్ ద విజిట్ ఫొటోలు, 1854లో డిస్డెరి అనే ఫొటోగ్రాఫర్ పారిస్‌లో పేటెంట్ తీసుకున్న రకం. గోధుమరంగు చూస్తే గుడ్డు తెల్లసొనతో చేసే ఆల్బుమెన్ ప్రింట్లలా ఉన్నాయి.

ఒకావిడ కుర్చీ అంచు గట్టిగా పట్టుకుని నిలబడింది. ముఖంలో ఏమీ లేదు, కంగారంతా ఆ వేళ్లలోనే! నా తర్వాతి బొమ్మ ఆ చెయ్యే.

కానీ ఆ ఫొటో పేజీకి అతుక్కుపోయింది. తడిపితే పైపొర పగుళ్లిస్తుందేమోనని టెన్షన్. ఇదివరకు తొందరపడి ఒకామె ముఖం చింపేశాను కూడా. పేజీతో సహా స్కాన్ చేసి వదిలేయనా, లేక తడపకుండా విడదీసే దారి ఉందా? చేసి చూసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.