"మఱియు దానింతై": ఈ 'దా' ఎవరిది?

కొత్తకలం:
అందరికీ నమస్కారం. రెండు రోజులుగా ఒక్క అక్షరం నన్ను సతాయిస్తోంది. రాకెట్ల గురించి పిల్లలకి చిన్న పుస్తకం రాస్తున్నా, మొదటి అధ్యాయం నెత్తిన పోతన భాగవతంలో వామనుడు పెరిగే పద్యం "ఇంతింతై వటుడింతయై మఱియు దానింతై నభోవీథిపై" పెడదామనుకున్నా. ఆ తర్వాత మబ్బులు, చంద్రుడు, ధ్రువుడు ఏ వరసలో వస్తారో తడబడుతున్నా గానీ అది వెతుక్కుంటాలెండి. నా గొడవంతా "దానింతై" దగ్గర. చిన్నప్పటి నుంచీ దాన్ని "దాని + ఇంతై" అనే అనుకుంటూ వచ్చా. అంటే ఇంత అయ్యాడు, దానికి మళ్ళీ అంత కలిశాడు, రెట్టింపు మీద రెట్టింపు. మొన్న ఒకాయన నవ్వి "అది తాను ఇంతై అండీ" అని వెళ్ళిపోయారు. ఏది సరి? నాకు మాత్రం రెట్టింపే కావాలి.

అరసున్న అభిమాని:
ఆయన నవ్వింది సబబే. "మఱియుఁ దానింతై" అని అరసున్నతో చూడండి. మఱియున్ + తాన్, ముందున్న 'న్' వల్ల 'తా' కాస్తా 'దా' అయింది, అదే సరళాదేశం, అయిపోయింది. ఈ మధ్య అచ్చుల్లో అరసున్న ఎగరగొట్టేసి, పాఠకులు 'దాని' అని చదువుతున్నారని మళ్ళీ మనమే బాధపడుతున్నాం.

గసడదవ:
అంత తేలిగ్గా ఎలా అయిపోతుందండీ? వ్రాతప్రతుల్లో అరసున్న అన్నిచోట్లా పద్ధతిగా ఉంటుందా? పరిష్కర్త 'తాను' అనుకున్నాడు కాబట్టి అక్కడ అరసున్న పెట్టాడు, 'దాని' అనుకునుంటే పెట్టడు. మీరు సాక్ష్యంగా చూపిస్తున్నది తీర్పునే. పోనీ యతి ఏమైనా తేలుస్తుందా అంటే అదీ లేదు. పదమూడో అక్షరం 'నిం', ఎలా విడగొట్టినా లోపల 'ఇ'యే ఉంది, మొదటి 'ఇం'కి హాయిగా సరిపోతుంది.

అరసున్న అభిమాని:
సరే, అరసున్నను పక్కన పెడదాం. తెలుగులో "దానంత" అంటాం, "దానింత" అని ఎవరైనా అనగా విన్నారా? "ఏనుగు దానింత ఉంది" అని చెప్పి చూడండి, మీకే నవ్వొస్తుంది.

గసడదవ:
"దానంతై" అంటే యతి చెడుతుంది, అందుకే 'ఇంత' అయిందేమో.

పాతపుస్తకం:
యతి కోసం పోతన తిప్పలు పడ్డాడా? "తోయదమండలాగ్రమున కల్లంతై" చూడండి. పదమూడో అక్షరం 'ల్లం', అల్ల + అంతై, ఆ 'అం' వెళ్ళి పాదం మొదటి 'నం'లోని అకారంతో ఎంత ఒద్దికగా కూర్చుందో. నాలుగో పాదంలో 'బ్రహ్మాండాంత', బ్రహ్మ + అండ, అక్కడా అంతే. వెతుక్కున్నట్టు ఒక్కచోటైనా అనిపించదు. ఆ చేయి మాట దొరక్క 'అంత'ని 'ఇంత' చేసిందంటే నేను ఒప్పుకోను. వరస అడిగారు కదా కొత్తకలం గారూ: నభోవీథి, తోయదమండలం, ప్రభారాశి, చంద్రుడు, ధ్రువుడు, మహర్వాటి, సత్యపదం, ఆపైన బ్రహ్మాండాంతం.

చుక్కలలెక్క:
వ్యాకరణం నాకు అంతగా రాదు, రాకెట్ల సంగతి కొంచెం తెలుసు. నా అభ్యంతరం వేరు. ఈ పద్యం రాకెట్‌కి పెట్టడమే తప్పు. వటుడు పైకి వెళ్తున్నకొద్దీ పెరుగుతాడు, రాకెట్ పైకి వెళ్తున్నకొద్దీ తరిగిపోతుంది. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన శాటర్న్ 5 తీసుకోండి, నేల మీద 110 మీటర్ల ఎత్తు, 2,900 టన్నుల పైచిలుకు బరువు. మొదటి దశలోని ఐదు ఇంజన్లు రెండున్నర నిమిషాలు దాటీ దాటకముందే రెండు వేల టన్నులకు పైగా కిరోసినూ ద్రవ ఆక్సిజనూ ఊదేస్తాయి, ఆ ఖాళీ డబ్బా సముద్రంలో పడిపోతుంది. ఆ తర్వాత రెండోదీ, మూడోదీ విడిపోతాయి. చివరికి ముగ్గురు మనుషులతో తిరిగొచ్చి నీళ్ళలో పడేది సుమారు 5 టన్నుల గంట ఆకారపు గది ఒక్కటే. ఇది "ఇంతింతై" కాదు, "అంతంతై ఇంతయై".

కొత్తకలం:
నేను చెప్పాలనుకున్నది సరిగ్గా అక్కడే ఉందండీ! రాకెట్ ఎగిరేటప్పుడు తరుగుతుంది, నిజమే, కానీ దాన్ని కాగితం మీద పెంచేది కొస నుంచి కిందికి. ముందు పైకి చేర్చాల్సిన వస్తువు అనుకుంటాం, అదీ వటుడు. దానికి వేగం ఇవ్వడానికి ఇంధనం కావాలి. ఆ ఇంధనాన్ని కూడా మోయాలి కాబట్టి ఇంకొంత ఇంధనం. దాన్ని మోయడానికి మరికొంత. 1903లో రష్యన్ శాస్త్రవేత్త త్సియోల్కోవ్‌స్కీ అచ్చువేయించిన సూత్రం ఇదే కదా. వాయువు వెనక్కి ఎంత వేగంతో పోతోందో అంత వేగం రాకెట్‌కి కావాలంటే, బయల్దేరేటప్పటి బరువు చివరి బరువుకి 2.7 రెట్లు ఉండాలి. ఆ వేగానికి రెండింతలు కావాలంటే 7.4 రెట్లు. మూడింతలకి 20 రెట్లు. కూడిక కాదు, ప్రతిసారీ హెచ్చవేత. "దాని + ఇంతై" అంటే నాకు వినిపించేది ఆ హెచ్చవేతే. "తాను ఇంతై" అయితే అది పోతుంది, ఉత్త పెరుగుదల మిగులుతుంది.

చుక్కలలెక్క:
ఓహో. ఇది బాగుంది, నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నా. ఆ 20 రెట్లు ఊరికే అన్న మాట కాదని మిగతావాళ్ళ కోసం చెప్తా. కిరోసిన్, ఆక్సిజన్ మండి ముక్కులోంచి బయటికి వచ్చే వేగం సెకనుకి 3 కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. కక్ష్యలో నిలవడానికి 8 దాకా కావాలి, గాలి రాపిడీ భూమి లాగడమూ కలుపుకుంటే లెక్క 9 దాటుతుంది. అంటే మూడింతలు. కిలో బరువు పైకి వెళ్ళాలంటే కింద ఇరవై కిలోలు, అందులో పంతొమ్మిది ఇంధనమే. ట్యాంకు, ఇంజను, పెంకు అన్నీ ఆ మిగిలిన ఒక్క కిలోలో ఇమడాలి, ఇంక మోసేదానికి చోటెక్కడ? అందుకే ఖాళీ అయిన దశని మోసుకెళ్ళకుండా వదిలేయడం. కానీ ఒక చిక్కు. మీది 2.7 రెట్లు, పోతనది రెట్టింపు. లెక్క కుదరలేదు.

గసడదవ:
పద్యంలో దశాంశ స్థానాలు వెతుకుతున్నారా స్వామీ.

నీలిసిరా:
మధ్యలో దూరినందుకు ఏమీ అనుకోకండి. పైన "ముక్కు" అన్నారు. నాజిల్‌ని ముక్కు అంటే, రాకెట్ కొసని ఏమంటారు? అదీ ముక్కే కదా. ముక్కుతో ముందుకెళ్తూ ముక్కుతో వెనక్కి ఊదుతుందా?

చుక్కలలెక్క:
హహ, నాజిల్ అనే ఉంచేద్దాం. మండే గదికి కింద సన్నగా నొక్కుకుపోయి మళ్ళీ గంటలా విచ్చుకుంటుందే, అది. సన్నని చోట వాయువు ధ్వని వేగాన్ని అందుకుంటుంది, విచ్చుకున్నకొద్దీ ఇంకా పెరుగుతుంది. మామూలు గొట్టంలో సన్నబడితేనే వేగం, వెడల్పయితే నెమ్మది. ధ్వని వేగం దాటాక ఆ న్యాయం తిరగబడుతుంది. అది ముక్కు కన్నా సన్నాయిలా ఉంటుంది నిజానికి.

పాతపుస్తకం:
అందరూ అంకెల్లో పడి అసలు ముడిని వదిలేశారు. "ప్రభారాశిపై నంతై" అన్న తర్వాత "చంద్రుని కంతయై" అన్నాడు. ప్రభారాశి సూర్యుడే అయితే చంద్రుడు సూర్యుడి అవతల ఉన్నాడనేగా? పోతన పొరబడ్డాడని ఒకరు నాతో వాదించారు. భాగవతం పంచమస్కంధం తిరగెయ్యమన్నాను. అక్కడి లోకవ్యవస్థలో చంద్రుడు సూర్యుడి పైన, ఆపైన నక్షత్రాలు, పై కొసన ధ్రువుడు. పోతన ఆ మెట్లు తప్పకుండా ఎక్కించాడు. నేటి దూరాలతో కొలిస్తే తప్పు మనది.

చుక్కలలెక్క:
మెట్ల మాట వచ్చింది కాబట్టి. "చంద్రుని కంతయై" దగ్గర ఆగుదామని వెళ్ళి ఆగలేక దాటిపోయింది ఒకటుంది, లూనా 1. 1959 జనవరి 2న సోవియట్లు చంద్రుడికి తగలాలనే పంపారు. ఇంజన్ మండే సమయంలో పొరపాటు జరిగి, 4వ తేదీన సుమారు 6,000 కిలోమీటర్ల పక్కనుంచి పోయింది. పోయి సూర్యుడి చుట్టూ తిరగడం మొదలెట్టింది, మనిషి చేసిన వస్తువు భూమి పట్టు విడిపించుకోవడం అదే మొదలు. అంటే దాని వరస చంద్రుడు, తర్వాత ప్రభారాశి. పోతనకి తిరగేసి. అన్నట్టు దారిలో అది సోడియం ఆవిరిని మబ్బులా వదిలింది, భూమి మీదినుంచి జాడ పట్టడానికి. తోయదమండలం కూడా తనే తీసుకెళ్ళింది.

అరసున్న అభిమాని:
తోయదం అంటే నీరిచ్చేది. సోడియం నీరివ్వదు. తాకితే మండుతుంది.

నీలిసిరా:
😀

కొత్తకలం:
వటుడంటే నాకు ముందు గుర్తొచ్చేది స్పుత్నిక్ అండీ. 58 సెంటీమీటర్ల బంతి, 83.6 కిలోలు. దాన్ని మోసిన ఆర్-7 నేల మీద 267 టన్నులు. 1957 అక్టోబర్ 4.

చుక్కలలెక్క:
ఇంకో తమాషా. అప్పట్లో జనం చీకటి పడ్డాక ఆకాశంలో చూసి స్పుత్నిక్ అనుకున్నది చాలావరకు స్పుత్నిక్ కాదు, దాంతోపాటు కక్ష్యలోకి వెళ్ళిన ఆర్-7 నడిమి దశ. బంతి మామూలు కంటికి ఆనదు. జనం వటుణ్ణి చూడలేదు, ఆయన గొడుగుని చూసి వచ్చారు.

పాతపుస్తకం:
గొడుగు అన్నారు కాబట్టి తర్వాతి పద్యం తలుచుకోకుండా ఉండలేను. "రవిబింబం బుపమింపఁ బాత్రమగు ఛత్రంబై శిరోరత్నమై". మొదట సూర్యుడు గొడుగు, తర్వాత తలలో మణి, చెవికి నగ, మెడలో హారం, భుజకీర్తి, చేతి కంకణం, నడుముకి గంట, కాలి అందె, చివరికి పాదపీఠం. వటుడు బ్రహ్మాండం నిండుతున్నాడన్న మాట చివరిదాకా రానివ్వడు. సూర్యుడు జారుతున్నాడంతే. "ఇంతింతై" అందరికీ వచ్చు, కానీ నన్నడిగితే గొప్పది ఇదే. చూసేవాడి కన్నెక్కడుందో మీరే చెప్పండి.

చుక్కలలెక్క:
ఎదిగేవాడి మీదే ఉంది. రాకెట్‌కి కెమెరా కట్టినట్టు! 1946 అక్టోబర్ 24న అమెరికాలో వైట్ శాండ్స్ నుంచి పట్టుబడిన జర్మన్ వీ-2 రాకెట్ ఒకదానికి సినిమా కెమెరా కట్టి నిట్టనిలువుగా పంపారు. 105 కిలోమీటర్ల దాకా వెళ్ళింది. కెమెరా నేలకి కొట్టుకుని తుక్కయింది, ఉక్కు డబ్బాలో ఉన్న ఫిల్ము మిగిలింది. అంతరిక్షం అంచునుంచి భూమికి తీసిన మొదటి బొమ్మలు అవే. అందులోనూ రాకెట్ కనబడదు, భూమి జారిపోవడమే కనబడుతుంది.

గసడదవ:
ఒప్పుకున్నా, అది మంచి పోలిక. కానీ మీ పోలికలన్నిట్లో ఒక కన్నం ఉంది. వటుడికి కింద నేల ఉంది, మూడో అడుగుకి బలి తల ఉంది. శూన్యంలో రాకెట్ దేన్ని తన్ని లేస్తుంది?

చుక్కలలెక్క:
1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం సరిగ్గా ఇదే అడిగింది. శూన్యంలో తన్నడానికి ఏమీ లేదే, అమెరికా రాకెట్ శాస్త్రవేత్త గొడార్డ్‌కి బడిపిల్లలకి చెప్పే పాఠం కూడా తెలియదా అని ఎకసెక్కం. ఆయన 1926 మార్చి 16న పెట్రోలు, ద్రవ ఆక్సిజన్‌తో మొదటి ద్రవ ఇంధన రాకెట్ ఎగరేశాడు. రెండున్నర సెకన్లు, 41 అడుగుల ఎత్తు. పత్రిక సవరణ వేసుకున్నది 1969 జులై 17న, అపోలో 11 బయల్దేరిన మర్నాడు. గొడార్డ్ పోయి అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. రాకెట్ తన్నేది తన కడుపులోని వాయువునే. దాన్ని వెనక్కి నెడుతుంది, అది దీన్ని ముందుకి నెడుతుంది. గాలి ఉంటే అడ్డమే గానీ సాయం కాదు.

అరసున్న అభిమాని:
అంటే తనను తానే తన్నుకుని ఎదిగేది. చూశారా, "తాను ఇంతై"! ఇంకొకరి కొలత అక్కర్లేదు, దాని ఇంత, దీని ఇంత ఏమీ లేవు. మీ రాకెట్ నా పక్షానికి వచ్చేసింది.

గసడదవ:
అన్యాయం. ఇది వ్యాకరణం కాదు, లాయరు తెలివి.

కొత్తకలం:
నేనొక సంగతి చెప్పడం మర్చిపోయా, తిట్టకండి. పుస్తకం అచ్చువేసేవాళ్ళు వాడే ఫాంట్‌లో అరసున్న లేదట, పెడితే ఖాళీ గడి వస్తోంది. కాబట్టి నేను ఏ పక్షమైనా అచ్చయ్యేది "మఱియు దానింతై" అనే.

అరసున్న అభిమాని:
ఫాంట్ మార్చమనండి. పుస్తకం ఆపినా సరే.

నీలిసిరా:
సరే గానీ పాతపుస్తకం గారూ, వరస చెప్పినప్పుడు "మహర్వాటి" అన్నారు. ఆ 'వాటి' ఏమిటి? తోటా, ప్రాకారమా? మహర్లోకానికి తోటెందుకు?

పాతపుస్తకం:
దీనికి కొత్త చర్చ తెరవండి. రాత్రి భోజనం అయ్యాక వస్తా.

గసడదవ:
ప్రాసకి "మహర్లోకంపై" కూడా సరిపోయేది కదా?

పాతపుస్తకం:
ప్రాస రెండో అక్షరమండీ, అక్కడ కాదు. గణం చూసుకోండి. భోజనం అయ్యాక.