అప్‌డేట్: కాపీ మధ్యలో డిస్‌కనెక్ట్ అవుతున్న పోర్టబుల్ హార్డ్‌డిస్క్ (సమస్య తీరింది)

సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. నేను అడిగింది ఇది: కొత్త 2 టీబీ పోర్టబుల్ హార్డ్‌డిస్క్‌లో చిన్న ఫైళ్లు బాగానే ఎక్కుతున్నాయి, పెళ్లి వీడియోల్లాంటి పెద్దవి మాత్రం సగంలో ఆగిపోయి డిస్క్ కనబడకుండా పోతోంది. రోజువారీ వాడకానికి దీన్ని నమ్మొచ్చా?

తప్పు డిస్క్‌ది కాదు, కేబుల్‌ది. తిరుపతిలో గాంధీ రోడ్డు వైపు ఒక రిపేర్ షాపులో చూపిస్తే, షాపాయన ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే డిస్క్ చెక్ చేసే సాఫ్ట్‌వేర్‌లో హెల్త్ చూశారు. రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్లు (అంటే డిస్క్‌లో పాడైన, పాడైనట్టు అనుమానమున్న భాగాలు) రెండూ సున్నా. తర్వాత తన దగ్గరున్న మైక్రో బి కేబుల్ (ఇలాంటి డిస్కులకు వాడే వెడల్పు పిన్‌ది) పెట్టి అదే వీడియో ఫోల్డర్ ఎక్కించారు, ఒక్కసారి కూడా ఆగలేదు. మా కేబుల్ పిన్ దగ్గర లూజ్‌గా ఉంది, కొంచెం కదిలినా కనెక్షన్ పోతోంది. కొత్త కేబుల్ కొన్నాం, అంతే.

సీపీయూ వెనక పోర్టుకు పెట్టమన్నవాళ్ల మాటా మంచిదే. ఈ డిస్కులకు వేరే అడాప్టర్ ఉండదు, కరెంటంతా యూఎస్‌బీ నుంచే రావాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంప్స్, 3.0 అయితే 900. మా సమస్య మాత్రం దానితో తీరలేదు. ఫార్మాట్, యాంటీవైరస్, పవర్ సెట్టింగులకూ దీనికీ సంబంధం లేదు. దయచేసి ఫార్మాట్‌తో మొదలుపెట్టకండి, డేటా పోతుంది. ముందు కేబుల్ మార్చి చూడండి.

2 టీబీ డిస్క్ కంప్యూటర్‌లో 1.81 టీబీనే చూపిస్తోందన్న టెన్షన్ కూడా అనవసరం. కేబీ, ఎంబీ, జీబీ, టీబీ ఒక్కో మెట్టునూ విండోస్ 1024తో లెక్కేస్తుంది, కంపెనీ 1000తో.

ఇప్పుడు రోజూ వాడుతున్నాం. పిల్లల ఫోటోలు మాత్రం ల్యాప్‌టాప్‌లో కూడా ఉంచాను.