పెరోల్‌కి తెలుగేంటి? (ఆవు-పులి పద్యం కూడా కావాలి)

చిలకపలుకు: అమెరికా వలస బిల్లుల మీద ఒక వ్యాసం తెలుగులోకి తెస్తూ పెరోల్ దగ్గర ఆగిపోయా. మనకి పెరోల్ అంటే జైల్లోంచి నాలుగు రోజులు బయటికి రావడం, అక్కడ వలస పెరోల్ అంటే వీసా లేనివాణ్ణి కొంతకాలం లోపలికి రానివ్వడం. 2023లో ప్రతినిధుల సభ దాటి సెనేట్లో ఆగిన హెచ్.ఆర్.2 అనే బిల్లు దీన్ని బిగించాలనే చూసింది, జనం భద్రత కోసం అంటారు దాన్ని పెట్టినవాళ్ళు. "పెరోల్‌పై వచ్చినవారు" అని రాస్తే చదివేవాళ్ళు ఖైదీలనుకుంటారు. ఇంతలో ఆవు పులికి చెప్పి దూడ దగ్గరకెళ్ళే ఘట్టం గుర్తొచ్చింది, "చులుకన ... తల్లిలేని శిశువు కుమారా" అని ఏదో ఉంది, మధ్యలో పోయింది. పులి ఆవుకిచ్చిన ఆ వెసులుబాటుని అక్కడ ఏమన్నారో తెలిస్తే నా పని అయిపోద్ది.

ప్రాసక్రీడ: శిశువు కాదండీ, సుతుడు. "చులుకన మఱి తల్లిలేని సుతుఁడు కుమారా". చు-కి శి-తో యతి ఎలా కుదురుతుంది, హల్లు సరే, అచ్చు ఏదీ? ఛందోదర్పణం రాసిన అనంతామాత్యుడు యతి తప్పుతాడా!

గోదారిగట్టు: అది కుమార శతకం కదా?

ప్రాసక్రీడ: చివర కుమారా ఉన్నవన్నీ అందులోవి కావు. ఇది అనంతామాత్యుడి భోజరాజీయం, ఆవు దూడకి చెప్పే బుద్ధులు.

డాలస్‌బావ: పద్యం మీరు చూసుకోండి గానీ గ్రీన్‌కార్డ్ లైన్లో ఉన్న మాబోటి వాళ్ళకి అడ్వాన్స్ పెరోల్ (బయటికెళ్ళి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) బాగా తెలుసు, ఐ-131 దరఖాస్తు పెట్టుకుని అది చేతికొచ్చాకే ఇండియా టికెట్లు కొంటాం. "పెరోల్ వచ్చింది, బయల్దేరుతున్నాం" అని ఫోన్లో అంటే మా అత్తగారికి కాసేపు నోట మాట రాలేదు. ఇంకో తిరకాసు, పెరోల్ మీద దిగినవాడు చట్టం లెక్కలో 'అడ్మిట్' అయినట్టు కాదు, హ్యూస్టన్‌లో ఇల్లు అద్దెకి తీసుకుని ఉంటున్నా ఇంకా గుమ్మం అవతల ఉన్నట్టే. కాబట్టి "ప్రవేశం" అని మాత్రం రాయకండి.

మాటలమూట: ఫ్రెంచిలో పరోల్ అంటే మాటే కదా. మళ్ళీ కత్తి పట్టనని మాటిచ్చిన యుద్ధఖైదీని వదిలేసేవాళ్ళు. అచ్చం ఆవు కథే! నా ఓటు "మాటసెలవు"కి.

పాతపెట్టె: ఆవు పోతానంది, వీళ్ళు వస్తామంటున్నారు, అదొక తేడా. అసలు తేడా మాట ఎవరిదని. 1952 అమెరికా వలస చట్టం పెరోల్ ఇచ్చే అధికారం ప్రభుత్వానికిచ్చింది, 1956లో హంగేరీ వాళ్ళనీ 1975లో వియత్నాం వాళ్ళనీ వేలకి వేలుగా ఇలాగే రానిచ్చారు. 1996లో కాంగ్రెస్ దాన్ని బిగించి, ఎవరి కేసు వాళ్ళది విడిగా చూడాలి, అత్యవసరమైన మానవతా కారణమో పెద్ద ప్రజాప్రయోజనమో ఉండాలి అంది. 2023 జనవరి నుంచి క్యూబా, హైతీ, నికరాగువా, వెనిజులా వాళ్ళకి నెలకి 30,000 దాకా ఇస్తుంటే గొడవంతా ఆ 'విడిగా' దగ్గరే. 2025లో కొత్త ప్రభుత్వం ఎత్తేసింది, కేసు నడుస్తుండగానే అమలు చేసుకోమని మే నెలలో సుప్రీంకోర్టు అంది. అంటే ఆవు మాట తప్పలేదు, పులే మనసు మార్చుకుంది. "దయాసెలవు" అనాలి.

ఓరుగల్లు: దయ అంటే బిల్లు పెట్టినోళ్ళు ఒప్పుకోరు గదా. సరిగ్గ తనిఖీ లేకుంట గుంపులు గుంపులు ఇడిసిపెట్టిన్రని గదా వాళ్ళ మాట. పెరోల్ మీద వచ్చినోడు చేసిన హత్య తర్వాతనే 2025 జనవరిల లేకెన్ రైలీ చట్టమొచ్చింది, పెరోల్ ఇష్టమొచ్చినట్టు ఇస్తే రాష్ట్రాలు కేంద్రం మీద కోర్టుకు పోవచ్చని దాంట్ల ఉంది.

పాతపెట్టె: ఒక్కడు చేసినదానికి స్పాన్సర్ని చూపించి, వివరాలన్నీ ఇచ్చి వచ్చినవాళ్ళందర్నీ ఆ గాటన కడితే ఎలా

అడ్మిన్: రాజకీయం వద్దు బాబూ, మాట దగ్గరకి రండి.

బెంగళూరు తెలుగోడు: కన్నడంలో పుణ్యకోటి పాట విన్నారా ఎవరన్నా? ఆవు తిరిగొచ్చేసరికి పులి తట్టుకోలేక తనే ప్రాణం తీసుకుంటుంది. దాని ముందు మనది తేలిపోద్ది.

ప్రాసక్రీడ: తేలిపోవడమా! రెండో పాదం చదివి ఆ మాట అనండి, "చులుకన తృణకణము దూది చులుకన సుమ్మీ". కందం కదా, మొదటి పాదంతో కలిపి లెక్కేస్తే ఆరో గణం "ముదూది", జగణం (లఘువు, గురువు, లఘువు) అడగకుండానే వచ్చి కూర్చున్నట్టు లేదూ? చివరి సుమ్మీని పట్టుకుని వీడియోల్లో "సుమీ" అని లాగుతున్నారు, ఒక మాత్ర గాల్లో కలిసిపోయింది.

చిలకపలుకు: రేపు పొద్దున వ్యాసం ఇవ్వాలండీ. "వలస పెరోల్" అనే పెట్టి పక్కన రెండు ముక్కల వివరణ రాసేస్తున్నా.

మాటలమూట: మాటసెలవుకి ఏం తక్కువో ఎవరూ చెప్పలేదు.

డాలస్‌బావ: మా నాయనమ్మ "చులుకన సుమ్మా" అనేది మరి?

ప్రాసక్రీడ: సుమ్మా అయినా నాలుగు మాత్రలే, ఛందస్సుకి అభ్యంతరం లేదు. పాత అచ్చుప్రతి ఎవరిదగ్గరన్నా ఉంటే ఆ పేజీ ఫోటో పెట్టండి.