నైట్రేట్‌కి సరిపోయిన సంకరీకరణం షార్ట్‌కట్ అజైడ్ దగ్గర ఎందుకు తప్పుతోంది?

పైబంధం:
సంకరీకరణం అంటే పరమాణువు ఆర్బిటాళ్లు బంధాల కోసం కలిసే తీరు. దాన్ని లెక్కించే షార్ట్‌కట్ అందరికీ తెలిసిందే. కేంద్ర పరమాణువు వేలన్సీ ఎలక్ట్రాన్లకి చుట్టూ ఉన్న ఏకసంయోజక పరమాణువుల (హైడ్రోజన్, క్లోరిన్ లాంటి ఒక్క బంధమే చేసేవాటి) సంఖ్య కలపాలి. ఋణావేశం ఉంటే కలపాలి, ధనావేశం ఉంటే తీసేయాలి, వచ్చినదాన్ని సగం చేయాలి: 2 అయితే ఎస్‌పీ, 3 అయితే ఎస్‌పీ2, 4 అయితే ఎస్‌పీ3. నైట్రేట్‌లో (NO₃⁻) ఆక్సిజన్లు ఏకసంయోజకాలు కావు కాబట్టి (5+1)/2 = 3, ఎస్‌పీ2. బాగుంది. అజైడ్‌కి (N₃⁻) కూడా (5+1)/2 = 3 వస్తోంది, కానీ అజైడ్ సరళరేఖలో ఉంటుంది, మధ్య నైట్రోజన్ ఎస్‌పీ. థయోసయనేట్‌లో (SCN⁻) కార్బన్‌కైతే ఏకంగా 2.5! లోపం ఎక్కడుంది?

లూయీచుక్క:
ఆ షార్ట్‌కట్‌లో పైకి చెప్పని షరతు ఒకటుంది: చివరి పరమాణువులు ఏకసంయోజకాలో, ఆక్సిజన్ లాంటి ద్విసంయోజకాలో అయి ఉండాలి. ఆక్సిజన్‌కి అష్టకం నిండాలంటే 2 ఎలక్ట్రాన్లు కావాలి, అంటే కేంద్రం నుంచి సరిగ్గా ఒక జంట. అందుకే దాన్ని సున్నాగా వదిలేసినా జంటల లెక్క చెడదు. నైట్రోజన్‌కి 3 కావాలి. అజైడ్‌లో చివరి నైట్రోజన్లు రెండూ ఒక్కో ఎలక్ట్రాన్ అదనంగా తీసుకుంటాయి. 6లో 2 పోతే 4, సగం 2. థయోసయనేట్‌లోనూ అంతే, చివరి నైట్రోజన్ ఒక్కటే కాబట్టి 5లో 1 పోతే 4, సగం 2.

ఈ సవరణలు గుర్తుపెట్టుకునే బదులు మొత్తం ఎలక్ట్రాన్లతో మొదలుపెట్టడం మేలు. ఆవేశంతో సహా అన్నీ కూడండి. చివరి పరమాణువు ఒక్కోదానికి 8 (హైడ్రోజన్ అయితే 2) తీసేయండి. మిగిలినదాంట్లో సగం కేంద్రం మీది ఒంటరి జంటలు. వాటికి సిగ్మా బంధాల (ఒక్కో పొరుగు పరమాణువుతో ఉండే మొదటి బంధం) సంఖ్య కలిపితే చాలు.

నైట్రేట్: 24−24 = 0, మూడు సిగ్మాలు, ఎస్‌పీ2.
నైట్రైట్: 18−16 = 2, ఒక ఒంటరి జంట, 1+2 = 3, ఎస్‌పీ2.
అజైడ్: 16−16 = 0, రెండు సిగ్మాలు, ఎస్‌పీ.
సల్ఫైట్: 26−24 = 2, 1+3 = 4, ఎస్‌పీ3, పిరమిడ్ ఆకారం.
ట్రైఅయొడైడ్: 22−16 = 6, 3+2 = 5. ఒంటరి జంటలు మూడూ మధ్య తలంలో ఉంటాయి కాబట్టి అయాన్ సరళరేఖే.

ఫార్మల్‌ఆవేశం:
తప్పులు ఎక్కువగా ఆవేశం గుర్తు దగ్గరే. నైట్రోనియంలో (NO₂⁺) 1 తీసేయాలి, 16 వస్తుంది, కోణం 180°. అక్కడ కలిపేస్తే 18 వచ్చి అది నైట్రైట్ లెక్క అవుతుంది, దాని కోణం సుమారు 115°. మధ్యలో 17 ఎలక్ట్రాన్ల నైట్రోజన్ డయాక్సైడ్ 134°. ఒంటరిగా ఉన్న ఒక్క ఎలక్ట్రాన్, ఒక జంట నెట్టినంత గట్టిగా నెట్టదు మరి.

పైబంధం:
స్పష్టమైంది, ధన్యవాదాలండి. ఇంకొకటి: నైట్రేట్ బొమ్మలో ద్విబంధం ఉన్న ఆక్సిజన్ ఎస్‌పీ2, మిగతా రెండూ ఎస్‌పీ3 అని రాయవచ్చా?

లూయీచుక్క:
రాయకూడదండి. రెజోనెన్స్ నిర్మాణాల (ఒకే అయాన్‌కి గీసే వేర్వేరు లూయీ బొమ్మల) మధ్య పరమాణువులు కదలవు, ఎలక్ట్రాన్లే జరుగుతాయి. అందువల్ల ఒక పరమాణువుకి అన్ని నిర్మాణాల్లోనూ ఒకే సంకరీకరణం ఉండాలి. ఒక్క నిర్మాణంలోనైనా ఆ ఆక్సిజన్ పై (π) బంధంలో, అంటే ద్విబంధంలోని రెండో బంధంలో, పాల్గొంటే దాని పీ ఆర్బిటాల్ ఒకదాన్ని సంకరీకరణంలో కలపకుండా విడిగా ఉంచాల్సిందే. మూడు ఆక్సిజన్లూ ఎస్‌పీ2గానే తీసుకోండి.

సరిచూసుకునే దారి ఉంది. నైట్రేట్‌లో 24 ఎలక్ట్రాన్లు: మూడు సిగ్మా బంధాలకి 6, ఆక్సిజన్ల మీద అయాన్ తలంలోనే ఉన్న జంటలకి 12. మిగిలినవి 6. ఇవి తలానికి లంబంగా ఉన్న నాలుగు పీ ఆర్బిటాళ్ల వ్యవస్థలో ఉంటాయి. ఒక జంట నిజంగా బంధిస్తుంది, మిగతా రెండు జంటలు అబంధక ఆర్బిటాళ్లలో ఆక్సిజన్ల మీదే ఉంటాయి. ఆ ఒక్క పై బంధాన్ని మూడు చోట్లకి పంచితే బంధ క్రమం 1.33. ఆక్సిజన్ ఒక్కోదాని మీద సగటు ఫార్మల్ ఆవేశం (బంధ ఎలక్ట్రాన్లని చెరిసగం పంచితే వచ్చేది) −2/3, నైట్రోజన్ మీద +1. మొత్తం −1 రాకపోతే ఎక్కడో జంట తప్పిపోయిందన్నమాట.

డీఆర్బిటాల్:
సల్ఫేట్ సంగతీ ఇక్కడే చెప్పాలి. రెండు ద్విబంధాలతో గీయాలా, నాలుగూ ఏకబంధాలేనా అని వాదన నడుస్తూనే ఉంటుంది. సంకరీకరణం వరకు దాంతో పనిలేదు: 32−32 = 0, నాలుగు సిగ్మాలు, ఎస్‌పీ3. ద్విబంధాలు గీస్తే ఫార్మల్ ఆవేశాలు తగ్గుతాయి నిజమే, కానీ ఆధునిక గణనల్లో సల్ఫర్ 3డీ ఆర్బిటాళ్ల పాత్ర చాలా స్వల్పంగా తేలింది. సల్ఫర్–ఆక్సిజన్ దూరం సుమారు 149 పీకోమీటర్లకి కుదించుకుపోవడానికి ప్రధాన కారణం ధన, ఋణావేశాల ఆకర్షణ. ట్రైఅయొడైడ్‌కి ఎస్‌పీ3డీ అని పరీక్షలో రాయండి, కానీ ఆ 5 ఆకారం చెప్పే అంకె మాత్రమే. బంధాన్ని మూడు కేంద్రాలు, నాలుగు ఎలక్ట్రాన్లుగా, అంటే మూడు పరమాణువులూ కలిసి నాలుగు ఎలక్ట్రాన్లని పంచుకునేదిగా చూడటమే సరైనది.

పైబంధం:
నైట్రేట్‌కి ప్రోటాన్ చేరి నైట్రిక్ ఆమ్లం అయితే ఈ సమానత్వం నిలుస్తుందా?

ఫార్మల్‌ఆవేశం:
నిలవదు. హైడ్రోజన్ ఉన్న ఆక్సిజన్ పై బంధం ఏర్పరిస్తే దాని మీద ధనావేశం, పక్కనే నైట్రోజన్ మీద కూడా ధనావేశం. అలాంటి నిర్మాణానికి విలువ చాలా తక్కువ. మిగతా రెండు ఆక్సిజన్లే పంచుకుంటాయి, బంధ క్రమం 1.5. కొలతలూ అదే చెబుతాయి: అయాన్‌లో మూడూ సుమారు 124 పీకోమీటర్లు, ఆమ్లంలో రెండు సుమారు 120, హైడ్రాక్సిల్ వైపుది 141.