ఫ్లాప్స్ దింపితే ముక్కు వంగుతోంది: స్టెబిలైజర్ కోణం మార్చాలా, ట్రిమ్ ట్యాబ్ పెంచాలా?

రివెట్:
రెండు సీట్ల హోమ్‌బిల్ట్ (సొంతంగా కట్టుకున్న విమానం), లో-వింగ్ (రెక్క కింది వైపు). ప్లెయిన్ ఫ్లాప్స్ (రెక్క వెనకంచున కిందికి వంగే పలకలు), 40 డిగ్రీల దాకా దిగుతాయి. 20 దాటాక ముక్కు కిందికి పోతుంది. ట్రిమ్ (స్టిక్ మీద చేతి బలం తగ్గించే సర్దుబాటు) చివరిదాకా తిప్పినా స్టిక్ లాగి పట్టుకోవాల్సిందే. స్టెబిలైజర్ (తోకలోని కదలని అడ్డ రెక్క) ముందంచు 1 డిగ్రీ దించితే చాలని కొందరు, ట్యాబ్ (తోకలో కదిలే భాగమైన ఎలివేటర్ వెనకంచున ఉండే చిన్న పలక) పెద్దది చేయమని కొందరు అంటున్నారు. ఏది చేయాలి?

గాలిపటం:
లో-వింగ్ కదండీ, అంతే మరి! ఫ్లాప్స్ డ్రాగ్ (గాలి నిరోధం) సీజీకి (బరువు కేంద్రానికి) కింద పడుతుంది, ముక్కు వంగుతుంది. హై-వింగ్‌లో పైన పడుతుంది, లేస్తుంది. సెస్నా 172లో లేచేది అందుకే. స్టెబిలైజర్ దించేయండి.

తోకచుక్క:
గాలిపటం గారూ, డ్రాగ్ వాటా అంత పెద్దది కాదు. లెక్క చూడండి. రెక్క 10 చ.మీ., కార్డ్ (రెక్క ముందంచు నుంచి వెనకంచుకు వెడల్పు) 1.3 మీ., వేగం సెకనుకు 30 మీ. (సుమారు 58 నాట్లు). డైనమిక్ ప్రెషర్ (వేగం వల్ల గాలి ఒత్తిడి) 551 పాస్కల్స్. ఫ్లాప్స్ వల్ల డ్రాగ్ కోఎఫిషెంట్ 0.05 పెరిగి, రెక్క సీజీకి 0.3 మీ. కింద ఉందనుకుంటే వచ్చే మొమెంట్ (ముక్కుని తిప్పే బలం) సుమారు 83 న్యూటన్-మీటర్లు. అదే ఫ్లాప్స్ క్యాంబర్ (రెక్క వంపు) పెంచడం వల్ల మొమెంట్ కోఎఫిషెంట్ 0.1 మేర ముక్కు కిందికి మారితే 717. తోక 4 మీ. వెనక ఉంటే, దాన్ని ఆపడానికి తోక మీద 18 కిలోల అదనపు కిందికి లోడ్ కావాలి.

ఇక రెండో పక్క. లిఫ్ట్ కోఎఫిషెంట్ 0.5 పెరిగితే, ఆస్పెక్ట్ రేషియో (రెక్క పొడవుకి వెడల్పుతో నిష్పత్తి) 6 రెక్కకి డౌన్‌వాష్ (రెక్క వెనక కిందికి వంగే గాలి) దాదాపు 3 డిగ్రీలు పెరుగుతుంది. 2 చ.మీ. తోక మీద అది కూడా దాదాపు 18 కిలోలే! రెండు పెద్ద అంకెలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మిగిలిన చిన్న తేడా ఏ వైపుంటే ముక్కు అటు పోతుంది. తోక డౌన్‌వాష్‌లో ఎంత మునిగి ఉందన్నదే ముఖ్యం. టీ-టెయిల్‌కి (అడ్డ తోక నిలువు తోక పైచివరన ఉండేదానికి) డౌన్‌వాష్ తక్కువ తగులుతుంది కాబట్టి సాధారణంగా ముక్కు వంగే వైపే మొగ్గుతుంది. రెక్క పైనా కిందా అన్నది ఆ తర్వాతి మాట.

గాలిపటం:
సరే, డ్రాగ్ లెక్క ఒప్పుకుంటాను. కారణం ఏదైతేనేం, స్టెబిలైజర్ దించితే తోక ఇంకా కిందికి నొక్కుతుంది కదా?

తోకచుక్క:
నొక్కుతుంది, ఫ్లాప్స్ లేనప్పుడు కూడా. రివెట్ గారి సమస్య ఫ్లాప్స్ ఎత్తినప్పటికీ దించినప్పటికీ మధ్య తేడా. కోణం మారిస్తే రెండు చివరలూ కలిసి జరుగుతాయి, తేడా తగ్గదు. వెనక సీజీతో పూర్తి క్రూయిజ్ వేగంలో ముక్కు-కిందికి ట్రిమ్ ఇంకా బోలెడు మిగిలి ఉంటేనే ఆ మార్పుకి అర్థం ఉంది. పైగా ఫ్లాప్స్ దించినప్పుడు తోక కోణం ఇప్పటికే నెగటివ్‌లో ఉంటుంది, ముందంచు దించితే ఇంకా లోతుకి పోతుంది. స్టిక్ ముందుకి తోసిన క్షణంలో తోకే స్టాల్ కావచ్చు (గాలి పట్టు తప్పవచ్చు). ఎలివేటర్ వణకడం, స్టిక్ తనంతట తాను ముందుకి లాక్కోవడం మొదలైతే ఆలోచించకండి, స్టిక్ వెనక్కి లాగి ఫ్లాప్స్ ఒక మెట్టు ఎత్తండి.

స్ప్రింగ్‌త్రాసు:
ఏదైనా కోసే ముందు కొలవండి. హొరైజన్ చూసి "వంగింది" అనడం చెల్లదు. ఫ్లాప్స్‌తో అదే వేగంలో రెక్కకి తక్కువ యాంగిల్ ఆఫ్ అటాక్ (ఎదురుగాలికి రెక్క చేసే కోణం) చాలు, కాబట్టి ట్రిమ్ ఎలా ఉన్నా ముక్కు కిందికే కనిపిస్తుంది. మొదటి రెండు సెకన్లలో పైకి తేలడం కూడా లిఫ్ట్ పెరగడమే, ట్రిమ్ మారడం కాదు. చూడాల్సింది స్టిక్ మీద బలం.

సీజీ ముందు లిమిట్‌లో ఉంచి, 3000 అడుగులకు పైన చేయండి. ఫ్లాప్స్ లేని స్టాల్ వేగానికి 1.4 రెట్ల దగ్గర ట్రిమ్ చేయండి, అది ఎయిర్‌స్పీడ్ డయల్ మీద తెల్లటి ఆర్క్‌లోనే (ఫ్లాప్స్ దించదగ్గ వేగాల్లోనే) ఉండాలి. ట్రిమ్ ముట్టుకోకుండా ఫ్లాప్స్ పది పది డిగ్రీలు దించుతూ, ప్రతి మెట్టులో అదే వేగం పట్టి, స్టిక్ గ్రిప్‌కి తగిలించిన స్ప్రింగ్ త్రాసు చదవండి. లాగుతున్నారా, తోస్తున్నారా, అదీ రాయండి. పవర్ ఐడిల్‌లో ఒకసారి, లెవెల్ పవర్‌తో ఒకసారి. ప్రాప్ గాలి తోక మీద పడితే అంకెలే మారిపోతాయి. తర్వాత వెనక సీజీతో మళ్లీ.

2017కు ముందున్న అమెరికా పార్ట్ 23 (చిన్న విమానాల) నిబంధనల్లో స్టిక్‌కి కొద్దిసేపటి పిచ్ బలం 60 పౌండ్లు, ఎక్కువసేపు పట్టుకోవాలంటే 10. హోమ్‌బిల్ట్‌కి అవి వర్తించవు గానీ కొలబద్దగా పనికొస్తాయి.

రివెట్:
అయితే ట్యాబ్ పెంచడమే దారా?

స్ప్రింగ్‌త్రాసు:
అదీ ఆలోచించే చేయాలి. ట్యాబ్ చేతి బరువు తగ్గిస్తుందే తప్ప ఎలివేటర్ శక్తి పెంచదు. ముక్కు పైకి ట్రిమ్ చేసినప్పుడు ట్యాబ్ కిందికి వంగుతుంది, అంటే తోక నొక్కే బలంలో కాస్త తనే తినేస్తుంది. ఫ్లేర్‌లో (దిగేముందు ముక్కు ఎత్తేటప్పుడు) ఎలివేటర్ స్టాప్‌కి తగులుతుంటే పెద్ద ట్యాబ్‌తో ఇంకా చెడుతుంది. ఎలివేటర్ బ్యాలెన్స్ మళ్లీ చూసుకోవాలి. ట్యాబ్ పుష్‌రాడ్‌లో ఆట (వదులు) ఉంటే ఫ్లట్టర్ (గాలికి అదుపు తప్పి కంపించడం) ప్రమాదం.

ముందు చవకైన పనులు చేయండి. బ్యాటరీ వెనక్కి జరిపి సీజీ ముందు లిమిట్ నుంచి తప్పించండి. ఫ్లాప్ స్టాప్ 30కి కట్టేయండి, ప్లెయిన్ ఫ్లాప్‌లో ఆ చివరి పది డిగ్రీలు ఇచ్చేది ఎక్కువగా డ్రాగే. అప్పటికీ లాగాల్సి వస్తే ఫ్లాప్ టార్క్ ట్యూబ్ (ఫ్లాప్స్ తిప్పే గొట్టం) నుంచి ఎలివేటర్‌కి స్ప్రింగ్ కలపండి. స్ప్రింగ్ తెగినా ఒక చేత్తో పట్టుకోగలగాలి.

గాలిపటం:
స్ప్రింగ్ కలిపాక గో-అరౌండ్ (దిగడం మానేసి మళ్లీ పైకి లేవడం) కూడా పరీక్షించండి, ఎత్తులోనే. పూర్తి ఫ్లాప్స్, ముక్కు పైకి పూర్తి ట్రిమ్, ఒక్కసారిగా థ్రాటిల్: అప్పుడు తోయాల్సిన బలం, ఇప్పుడు లాగుతున్న దానికంటే ఎక్కువగా ఉండొచ్చు.