అప్‌డేట్: పాత ఎక్స్‌బాక్స్ 360కి వైఫై వచ్చింది, డాంగిల్‌తో మాత్రం కాదు

నేను ఇక్కడ అడిగింది ఇది: తెల్లరంగు పాత ఎక్స్‌బాక్స్ 360 గేమ్ కన్సోల్‌లో వైఫై లేదు, కంప్యూటర్‌కి వాడే యూఎస్‌బీ వైఫై డాంగిల్ పెడితే గుర్తించట్లేదు. గుర్తించదు కూడా. అందులో దాని సొంత వైఫై అడాప్టర్‌కి తప్ప డ్రైవర్లు (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) లేవు, మనం ఎక్కించే దారీ లేదు. 2010లో వచ్చిన ఎస్ మోడల్ నుంచే వైఫై లోపల ఉంటుంది.

చివరికి మీరు చెప్పినట్టు మూలన పడున్న చిన్న రౌటర్‌ని క్లయింట్ మోడ్‌లో (మెయిన్ రౌటర్ వైఫైని అందుకుని కేబుల్‌కి ఇచ్చేలా) పెట్టి, లాన్ కేబుల్‌తో కన్సోల్‌కి కలిపాను. రెండు చోట్ల ఆగింది.

మొదటిది, రెండు రౌటర్ల అడ్రస్సూ ఒకటే, 192.168.0.1. చిన్నదాన్ని 192.168.0.2కి మార్చి, దాని డీహెచ్‌సీపీ (పరికరాలకి ఐపీ అడ్రస్‌లు తనే పంచే సదుపాయం) ఆపేశాక కన్సోల్‌కి మెయిన్ రౌటరే ఐపీ ఇచ్చింది. డీహెచ్‌సీపీ ఆపాక సెట్టింగ్స్ పేజీ తెరుచుకోకపోతే ల్యాప్‌టాప్‌కి ఐపీ చేత్తో ఇవ్వాలి, కంగారుపడి రీసెట్ నొక్కొద్దు. రెండోది, మెయిన్ రౌటర్‌లో వైఫై భద్రతకి కొత్త పద్ధతైన డబ్ల్యూపీఏ3 మాత్రమే ఆన్‌లో ఉంది. పాత రౌటర్‌కి అది తెలియదు. దానికి ముందుదైన డబ్ల్యూపీఏ2 పెట్టగానే పట్టుకుంది.

తర్వాత కన్సోల్ కనెక్షన్ టెస్ట్‌లో న్యాట్ (బయటి ఆటగాళ్ల కన్సోళ్లతో కలవడాన్ని రౌటర్ ఎంతవరకు రానిస్తుందో చెప్పేది) 'స్ట్రిక్ట్' అని వచ్చింది. మెయిన్ రౌటర్‌లో యూపీఎన్‌పీ (కావాల్సిన పోర్టులు తనంతట తెరిచే సెట్టింగ్) ఆన్ చేసి, రౌటర్, కన్సోల్ రెండూ రీస్టార్ట్ చేస్తే 'ఓపెన్' అయింది. అప్పటికీ కాకపోతే రౌటర్‌లో యూడీపీ 3074 పోర్టుని కన్సోల్‌కి ఫార్వర్డ్ చేయాలి. ఎంటీయూ (ఒక్కసారిలో పంపే డేటా ముక్క సైజు) 1364 కంటే తగ్గకూడదు.

కొత్త గేములు కొనాలనుకునేవాళ్లకి ఒక మాట: 360 స్టోర్ 2024 జులైలోనే మూతపడింది. కొనేసినవి మాత్రం మళ్లీ డౌన్‌లోడ్ అవుతాయి.