22వ స్థానం నుంచి గెలుపు: వాట్సన్ ప్రశ్నను క్విజ్‌లో ఎట్ల అడగాలె?

హన్మకొండ_క్విజ్:
వరంగల్‌ల ఇంజినీరింగ్ పిల్లలకు తెలుగులో మోటార్ స్పోర్ట్ క్విజ్ పెడుతున్నం. ఒక రౌండు మొత్తం ఐర్లండ్ డ్రైవర్ల మీదనే. రెండు దగ్గర్ల ఆగినం. జాన్ వాట్సన్, ఎడ్డీ ఇర్విన్‌లను ఐర్లండ్ వాళ్లనాలా, బ్రిటన్ వాళ్లనాలా? 1983ల అమెరికా లాంగ్ బీచ్ ఫార్ములా 1 (ఎఫ్1) రేసుల వాట్సన్ గ్రిడ్‌ల (రేసు మొదలయ్యే వరుసల) 22వ స్థానం నుంచి ఎట్ల గెలిచిండు? అదృష్టం అని రాస్తే పిల్లలు ఊకోరు, కారణం కావాలె.

కాజీపేట_జంక్షన్:
మొదటిదానికి: వాట్సన్‌ది బెల్ఫాస్ట్, ఇర్విన్‌ది న్యూటౌనార్డ్స్. రెండూ ఉత్తర ఐర్లండ్‌లయే, కాబట్టి ఎఫ్1 రికార్డుల్లో ఇద్దరూ బ్రిటన్ లెక్కలనే ఉంటరు. ‘ఐర్లండ్ దేశం’ అని రాస్తే ఎవరో ఒకరు లేచి అడ్డుపడ్తరు. ‘ఐర్లండ్ ద్వీపంలో పుట్టిన’ అని రాయండి, గొడవుండదు. తిరకాసు ప్రశ్న కావాలంటే రాల్ఫ్ ఫర్మన్ ఉన్నడు: పుట్టింది ఇంగ్లండ్‌ల, 2003ల జోర్డాన్ జట్టుకు నడిపింది ఐర్లండ్ లైసెన్స్ మీద. ఆ ఐర్లండ్ జట్టుకు 4 గెలుపులున్నయి, కానీ గెలిచిన వాళ్లల్ల ఐర్లండోడు ఒక్కడూ లేడు: 1998 స్పాల డేమన్ హిల్, 1999ల రెండుసార్లు ఫ్రెంట్జెన్, 2003 బ్రెజిల్‌ల ఫిసికెల్లా.

గోదావరిఖని_గ్యారేజ్:
లాంగ్ బీచ్ గుట్టంతా టైరు వేడిల ఉన్నది. స్లిక్ టైరు (గాళ్లు లేని నున్నటి టైరు) రబ్బరు ఒక వేడికి వచ్చినంకనే రోడ్డును పట్టుకుంటది. మన రామగుండం ఎండల ఇది అర్థం చేసుకునుడు కష్టం, అక్కడ బాధ చల్లదనం. ఆ ఏడాది వాట్సన్ జట్టు మెక్‌లారెన్‌ది కాస్‌వర్త్ డీఎఫ్‌వీ ఇంజన్, 3 లీటర్లది, టర్బో లేదు. మిషెలిన్ టైర్లేమో ఎక్కువగా టర్బో కార్ల శక్తికి సరిపోయేటట్టు చేసినవి. క్వాలిఫయింగ్‌ల (గ్రిడ్ స్థానాలు తేల్చే పోటీల) ఒకటి రెండు ల్యాపులల్ల ఆ బండి టైరును నలిపి వేడెక్కియ్యలేకపోయింది. అందుకే వాట్సన్ 22, అదే జట్టుల ఉన్న లౌడా 23.

రేసు వేరే కథ. 75 ల్యాపులు, ట్యాంకు నిండ బరువు. అప్పుడు అదే టైరు వేడెక్కి నిలిచింది, ముందున్నోళ్ల టైర్లు అరిగిపోయినయి. సాక్ష్యం కావాలంటే ఒక్క వాట్సన్‌నే చూడకండి: 23 నుంచి వచ్చిన లౌడా 2వ స్థానం. ఒక్కడే అయితే అదృష్టం అనొచ్చు, ఇద్దరు పక్కపక్కనే వస్తే అది టైరే. ఇంకో సాక్ష్యం, అదే ఏడాది మొనాకోల ఇద్దరూ అసలు క్వాలిఫై కాలేదు. జబ్బు అదే, కాకపోతే అక్కడ రేసుదాకా పోనియ్యలేదు. ‘గ్రిడ్‌లో ఇంకా వెనకనుంచి ఎవరూ గెలవలేదు’ అన్న మాట ఇప్పటికీ నిజమే, ధైర్యంగ అడగండి.

కాజీపేట_జంక్షన్:
వాట్సన్ మీద ఇంకోటి కలుపండి, ఇంజినీరింగ్ పిల్లలకు నచ్చుతది. 1981 సిల్వర్‌స్టోన్‌ల ఆయన మెక్‌లారెన్ ఎంపీ4/1 కారుతోని గెలిచిండు, కార్బన్ ఫైబర్ మోనోకాక్ (డ్రైవర్ కూసునే ఒకే ముక్క గుల్ల) ఉన్న కారుకు అది మొదటి ఎఫ్1 గెలుపు. గీసింది జాన్ బర్నార్డ్. అదే ఏడాది మోంజాల కారు గోడకు కొట్టి ఇంజన్ భాగం ఊడి వేరైంది, ఆయన నడుచుకుంట బయటికొచ్చిండు. కార్బన్ ఫైబర్ పగిలి పొడైతదని అనుమానపడ్డోళ్లకు అదే జవాబు.

హన్మకొండ_క్విజ్:
మస్తు పనికొచ్చింది అన్నా. ఇర్విన్ మీద 1999ల టైటిల్ ఎన్ని పాయింట్లతో పోయిందని అడుగుదామనుకుంటున్నం. సరిపోతదా?

గోదావరిఖని_గ్యారేజ్:
2 పాయింట్లు, టైటిల్ గెలిచిన హకినెన్ 76, ఇర్విన్ 74. ఉత్త అంకె అడిగితే బట్టీ పట్టినోళ్లకు మార్కులు పోతయి. అదే ఏడాది నూర్‌బర్గ్‌రింగ్ రేసు మీద అడగండి. ఇర్విన్ టైర్లు మార్చుకునే పిట్‌లకు వస్తే ఆయన జట్టు ఫెరారీ దగ్గర మూడు చక్రాలే సిద్ధంగ ఉన్నయి, వెనక చక్రం ఒకటి లేదు. దానికోసం ఉరికేసరికి బండి నిలబడే ఉన్నది. చివరికి 7వ స్థానం, అప్పట్ల పాయింట్లు 6వ స్థానం దాకనే. అదే రేసుల హకినెన్ 5వ స్థానంల వచ్చి సరిగ్గ 2 పాయింట్లు పట్టుకపోయిండు. జవాబు పత్రంల గెలుపులు కూడ రాసుకోండి: ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, జర్మనీ, మలేషియా. మలేషియా దగ్గర జాగ్రత్త, రేసు తర్వాత పక్క రెక్కల కొలత తప్పని ఫెరారీలను కొట్టేసిండ్రు, అప్పీల్‌ల మళ్ల ఇచ్చిండ్రు. ‘మలేషియాల అనర్హుడు’ అని ఎవరన్న జవాబు చెప్తే మార్కు ఇయ్యకండి.